వాన పడితే వేరే ఇంట్లో నిద్ర

యూనివర్సిటీలో పరీక్ష పేపర్లు దిద్దడానికి కడప నుంచి హైదరాబాద్ వెళ్లాను. ఒక సాయంత్రం క్యాంపస్ నుంచి తార్నాకకు నడిచి వస్తుంటే పెద్ద వాన పట్టుకుంది. రోడ్డు పక్కన మోమోలు అమ్మే మాయ అనే ఆమె నన్ను తన బండి టార్పాలిన్ కిందికి రమ్మంది. ఆమెది నేపాల్ కొండల్లో ఒక చిన్న మున్సిపాలిటీ; ఏళ్ల కిందటే ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకుందట.

"మున్సిపాలిటీ అంటే టౌన్ అనుకోకున్రి మేడం. కొండ మీద నాలుగిండ్లు, కింద నాలుగిండ్లు. అన్నీ కలిపి ఒక్క పేరు పెట్టిన్రు, గంతే" అంది.

ఒకప్పుడు వాళ్ల ఊరి దారిన గొర్రెల వీపుల మీద ఉప్పు మూటలు వచ్చేవట. తర్వాత జీపుల కోసం కొండ అడుగు తొలిచి రోడ్డు వేశారు. అప్పటి నుంచి ప్రతి వానాకాలం కొండ జారుతూనే ఉందట.

"వాన పడితే మేము ఇంటిల్లిపాది ఒక్కచోట పండుకోం. సగం మంది చుట్టాలింటికి పోతం."

"ఎందుకు?"

"కొండ మా మీద పడితే దినాలు చేయనీకి ఒక్కరన్న మిగలాలె గదా మేడం."

తల్లీ తమ్ముడూ మట్టి కింద పడిపోయిన రాత్రి ఆమె మేనత్త ఇంట్లో ఉంది. ఆ మాట చెప్తున్నప్పుడు కూడా ఆమె గొంతు మారలేదు.

"ఈడ కొండలు లేవు కదమ్మా, ఇంక భయమెందుకు?" అన్నాను.

"ఎరకనే మేడం" అంటూ ఆమె వారాసిగూడలో తమ పక్కింటామెకు ఫోన్ చేసింది.

"అక్కా, వాన ఆగేతట్టు లేదు. మా బిడ్డను ఇయ్యాల మీ ఇంట్లనే పండబెట్టుకో. నేనొచ్చి మా ఇంట్ల పండుకుంట."

అమ్మ దగ్గరికి పోతానని పాప ఏడవడం ఫోన్‌లోంచి నాకూ వినిపించింది.