ఆరిపోయిన టైరు లైటు

టైర్లలో గాలి తగ్గిందని చెప్పే లైటు నా కారులో ఆరకుండా వెలుగుతోంది. రేపు మా ఆవిడని కొండదారి మీద లంబాసా పట్నానికి తీసుకెళ్ళాలి. అందుకని ఈ రోజు సావుసావు ఊళ్ళో ఉన్న మన తెలుగు సంఘం అధ్యక్షుడి గరాజుకు వెళ్ళాను. క్షణంలో లైటు ఆర్పేశాడు.

"ఏ టైరులో తగ్గిందయ్యా?"

"దేంట్లోనూ తగ్గలేదు మామా. జపాన్ బండి కదా, మన గుంతలు చూసి జడుసుకుంది. ఫికర్ మత్ కరో, కంగారు పడకు."

నాకు నమ్మకం కుదరలేదు. ఇంటికొచ్చి చూశాను. తాళం తిప్పగానే హెచ్చరిక లైట్లన్నీ ఒకసారి వెలగాలి. అదొక్కటే వెలగలేదు. వైరు పీకేసినట్టున్నాడు.

సంఘానికి ఎన్నికలెప్పుడని అడిగినందుకు నన్ను కమిటీలోంచి పీకేసిందీ ఈయనే. రేపు మేం బస్సులో వెళ్తున్నాం. ఇంకా ఎవరెవరి లైట్లు ఆర్పాడో సంఘం సభ్యులు మీరూ చెప్పండి.