ఖాళీ గడిలో వెలిసిన రక్తం గ్రూపు

2024 వానాకాలం. తాండూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పాత రిపోర్టులను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చే పని నాకు దొరికింది. రోజూ వికారాబాద్ నుంచి పొద్దుటి రైల్లో వెళ్ళేదాన్ని. రిపోర్టులన్నీ వర్డ్ ఫైళ్ళు. ఒక్కొక్కటే చూసి టైపు చేస్తే నెలలు పడుతుంది. అందుకే స్క్రిప్ట్ రాశాను. అంటే ఏ గడిలోది తీసి ఏ గడిలో పెట్టాలో కంప్యూటర్‌కు రాసిచ్చే ఆదేశాలు. అర్థం కానిది ఎదురైతే ఊహించి నింపకుండా ఖాళీ వదలమని కూడా రాశాను. మా పనిలో అది పద్ధతి.

కొత్త సాఫ్ట్‌వేర్ వాడకం మొదలయ్యాక ఒకరోజు రికార్డులు సరిచూస్తున్నాను. రక్తం గ్రూపుల్లో ఎ పాజిటివ్‌లు మరీ ఎక్కువగా కనిపించాయి. అనుమానం వచ్చి ఒక పాత ఫైలు తెరిచాను. అందులో ఎ నెగిటివ్. ఇంకొకటి తెరిచాను. బి నెగిటివ్.

పాత ఫైళ్ళలో నెగిటివ్‌కు మైనస్ గుర్తు కొట్టేవారు. కొన్నిచోట్ల వర్డ్ దాన్ని తనంతట తానే పొడుగు గీతగా మార్చేసింది. ఆ గీత అర్థం కాక స్క్రిప్ట్ ఖాళీ వదిలింది. కొత్త సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీలో తన జాబితాలోని మొదటి గ్రూపును చూపించింది. మొదటిది ఎ పాజిటివ్.

అలా తప్పు పడిన పేర్లన్నీ స్క్రీన్ మీదికి తెచ్చి హెడ్ నర్సు గ్రేసమ్మను పిలిచాను. “అక్కా, గీ పేర్లల్ల ఈమధ్య కాన్పైనోళ్ళు ఎవరన్న ఉన్నరా?”

ఆమె స్క్రీన్ మీద వేలు జరుపుతూ ఒకచోట ఆగింది. “సుజాత. బషీరాబాద్ దిక్కు పిల్ల. మొన్న కాన్పైంది, నిన్ననే ఇంటికి పంపినం.” తరువాత గొంతు తగ్గించింది. “పిల్లగానిది పాజిటివ్. తల్లిది నెగిటివైతే మూడు రోజులల్ల సూది పడాలె. కంప్యూటరు ఈమెది పాజిటివని చూపెట్టింది, ఎయ్యలే.”

సుజాత ఫోన్ స్విచాఫ్. డాక్టరుగారు వెంటనే బండి ఇచ్చారు. నన్నెవరూ రమ్మనలేదు, అయినా ఎక్కి కూర్చున్నాను. నాపరాళ్ళ లారీల వెనక బండి నెమ్మదిగా పోతుంటే మాటిమాటికీ టైము చూసుకున్నాను.

మమ్మల్ని చూడగానే సుజాత తల్లి వాకిట్లోనే నిలబడిపోయింది. “నిన్ననే పంపిన్రు గద. పిల్లగానికి ఏమన్న అయిందా?”

“ఏం గాలేదమ్మ. సుజాతకొక సూది మిగిలింది. జర దవాఖానకు రావాలె,” అంది గ్రేసమ్మ.

అంతటితో ఊరుకోవడం నాకు సరి అనిపించలేదు. లోపల పిల్లాడితో కూర్చున్న సుజాత దగ్గరికి వెళ్ళాను. “కంప్యూటర్ల నీ రక్తం గ్రూపు తప్పు పడ్డది చెల్లె. అందుకే వచ్చినం,” అన్నాను.

సుజాత పిల్లాణ్ణి ఒళ్ళోకి దగ్గరగా లాక్కుంది. “సూది ఎయ్యకపోతే ఏమైతుండె?”

“వీనికేం గాదు,” అంది గ్రేసమ్మ. “ఇంకో కాన్పుల కడుపులున్న పిల్లకు రక్తం దెబ్బతినే భయముంటది. ఒక్కోసారి పానానికే వస్తది.”

సుజాత నా వైపు చూసింది. కోపం లేదు, ఏడుపూ లేదు. “మీరు రాకుంటే మాకెట్ల తెలుస్తుండె?” అంది.

నేను పిల్లాడి బట్టల సంచి అందుకుని బండి దగ్గరికి నడిచాను.

ఆసుపత్రిలో మళ్ళీ పరీక్ష చేశారు. ఎ నెగిటివే. గడువులోపే సూది పడింది. అలా తప్పు పడిన మిగతావాళ్ళందరినీ డాక్టరుగారు పిలిపించి రక్తం పరీక్షలు చేయించారు. ఎవరికీ హాని జరగలేదు. రక్తం గ్రూపు గడి ఖాళీగా ఉంటే రికార్డే తెరుచుకోకుండా సాఫ్ట్‌వేర్‌ను మార్పించారు.

ఖాళీ వదిలితే చాలు, తరువాతివాళ్ళు చూసుకుంటారని అప్పటిదాకా నమ్మాను. నేను ఖాళీగా వదిలినదాన్ని అవతల ఇంకో యంత్రం నిజంలా నింపేయగలదని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు నా స్క్రిప్ట్ అర్థం కానిచోట ఆగిపోతుంది, మనిషి చూసేదాకా కదలదు. ఫైలు ఇచ్చేసి లేచిపోవడం కూడా మానేశాను. అవతలివాళ్ళ స్క్రీన్ ముందు, వాళ్ళ పక్కనే కూర్చుని, అక్కడ ఏం కనిపిస్తోందో నా కళ్ళతో చూసుకున్నాకే పని అయిందంటాను.