ఏ ఊరని అడిగితే

వకీల్ సాబ్‌ను నేను మొదట కలిసింది కోర్టులో కాదు, నారాయణఖేడ్ గ్రంథాలయంలో. ఒకే పేపరుకు ఇద్దరం చెయ్యి చాపాం. ఆయన తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వే సదువు తమ్మీ, నేను ఇంట. అద్దాలు ఇంట్ల మర్చిన."

సంపాదకీయం గడగడా చదివి వినిపించాను.

"ఎంతదాంక సదివినవ్?"

"ఏడు, సార్. మిగిలిందంతా గీడనే."

"గట్లయితే నాకన్న ఎక్కువనే సదివినవ్ పో."

బస్టాండు పక్క కిరాణా కొట్టులో పప్పు పొట్లాలు కట్టేవాణ్ణి. నన్ను చదువుకున్నవాడని అంతకు ముందు ఎవరూ అనలేదు. ఆ ఒక్క మాటకే ఆయన మనిషినైపోయాను.

ఆయన చెడ్డవాడు కాదు. ఈ సంగతి చెప్పకపోతే మిగతాది చెప్పే అర్హత నాకుండదు. కూలివాళ్ళ కేసులకు ఫీజు అడిగేవాడు కాదు. ఎండాకాలంలోనూ నల్లకోటు విప్పేవాడు కాదు. కాలరు దగ్గర అది చెమటకు తెల్లగా ఉప్పు కట్టేది.

కరువొచ్చిన ఏడు, కంగ్టి దారిలో సర్కారు రోడ్డుపని పెట్టింది. బీదరు వైపు సరిహద్దు అవతల కూడా కరువే కానీ అక్కడ పని ఇంకా తెరవలేదు. తెల్లవారకముందే అవతలివాళ్ళు నడిచి వచ్చి, తక్కువ కూలికి తట్ట ఎత్తేవారు. మేస్త్రీకి వాళ్ళే ముద్దు. మనూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, పని దొరక్క, కోర్టు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. వకీల్ సాబ్ ఆయన పక్కనే కూర్చున్నాడు. లేచేటప్పటికి ఒక నిశ్చయానికి వచ్చేశాడు. మన కరువు పని మనవాళ్ళకే ఉండాలి, బయటివాళ్ళను రానియ్యకూడదు.

అప్పటినుంచి ఆయనకు అదే లోకం. పొద్దున బస్సుకు సంగారెడ్డి వెళ్ళి ఆఫీసర్ల గదుల బయట బల్లల మీద కూర్చునేవాడు. అక్కడ కాకపోతే హైదరాబాదు వెళ్ళి నాయకుల ఇళ్ళ ముందు నిలబడేవాడు. వట్టి ఆవేశం చాలదనీ, పుస్తకాల ఆధారం కావాలనీ నన్ను అడిగాడు. నేను బీరువాలన్నీ గాలించాను. నిజాం కాలపు ముల్కీ నిబంధనల గురించి ఒక పాత పుస్తకం దొరికింది. గైర్ముల్కీ అంటే ఈ నేలకు చెందనివాడు. ఆ మాట ఆయనకు నచ్చింది. అర్జీలో ఎక్కింది, తర్వాత ఊళ్ళో హోటళ్ళలోకి ఎక్కింది. చాయ్ తాగేవాళ్ళ నోట అది వింటుంటే నేనే కనిపెట్టినంత గర్వంగా ఉండేది.

ఆ పుస్తకంతోపాటు చదివిన ఇంకో పుస్తకంలో మరో సంగతీ ఉంది. రాష్ట్రాలు విడదీసేదాకా మా తాలూకా బీదరు జిల్లాలోనిదే. నేను పుట్టినప్పుడు మేమూ వాళ్ళూ ఒకే జిల్లా. అదీ చెప్పాను.

వకీల్ సాబ్ నవ్వాడు. "గది నాకెర్క లేదా? గసొంటి ముచ్చట అర్జీల రాస్తరార పిచ్చోడా?"

నేనూ నవ్వాను.

చివరికి హుకుం వచ్చింది. ఈ తాలూకా వాళ్ళకే పని. అయితే ఎవరు ఇక్కడివాళ్ళో తేల్చడం ఎట్లా? మేస్త్రీ అందరినీ వరసలో నిలబెట్టి, "నీదే ఊరు?" అని అడిగాడు. మగవాళ్ళలో సగంమంది అప్పటికే పట్నం పోయారు. వరసలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మా వైపు ఆడమనిషిని ఊరడిగితే తల్లిగారి ఊరే చెబుతుంది. కాపురం ఎక్కడ చేసినా తన ఊరంటే అదే. సరిహద్దు పొడుగునా పిల్లనిచ్చి పుచ్చుకునే సంబంధాలే కనుక, మా ఇళ్ళ కోడళ్ళు వరసగా అవతలి ఊళ్ళ పేర్లు చెప్పారు. మేస్త్రీ వరసగా పంపించేశాడు.

మా వదిన పొద్దెక్కకముందే ఖాళీ తట్టతో ఇంటికొచ్చింది. ఆమె తల్లిగారిది సరిహద్దు అవతల, ఔరాదు దిక్కు. అన్న పట్నంలో బిల్డింగు పనికి పోయి నెల దాటినా ఏ కబురూ లేదు. నా జీతం కొట్టు బాకీకే పోయేది. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఆమె కూలి మీదే పొయ్యి వెలిగేది.

వకీల్ సాబ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన అర్జీల కట్ట పక్కకు పెట్టి విన్నాడు. ఆయన భార్య తల్లిగారిదీ బీదరు వైపే. కాకపోతే ఆమెను ఏ మేస్త్రీ వరసలో నిలబెట్టలేదు.

"రేపటిసంది అత్తగారూరు చెప్పమను. గంతే కదా! సదువుకున్నోనివి, జర సమజ్ చెయ్."

ఇంటికొచ్చి చెప్పాను. వదిన పొయ్యి ముందు నుంచి తల తిప్పలేదు.

"మా అవ్వ బతికుండంగ నా ఊరు కాదంటనా?"

"వట్టిగ ఒక్క మాట, వదినా."

"వట్టిదైతే నువ్వే జెప్పు. మీ అన్నను పట్నంల ఎవడన్న గిట్లనే వరుసల నిలవెట్టిండనుకో, ఏ ఊరంటడు? జెప్పు పండితుడా, నీ పుస్తకంల లేదా?"

లేదు. చిన్నవాడు రొట్టె కావాలని ఆమె కొంగు పట్టుకుని లాగాడు. ఆమె వాడి వైపు చూసింది.

మర్నాడు నేనూ వెంట వెళ్ళాను. వకీల్ సాబ్ అప్పటికే వచ్చి కంకర కుప్ప పక్కన నిలబడ్డాడు. వరస కదులుతోంది. వదిన వెనుక ఒక ముసలామె, చేతిలో బట్టమూట. దగ్గరికొచ్చాకగానీ గుర్తుపట్టలేదు. ఆమె వదిన తల్లి. హుకుం సంగతి తెలియక, పని ఉందని విని, అవతలినుంచి నడిచి వచ్చింది. కూతురి భుజం మీద చెయ్యి వేయబోయింది. అంతలో మేస్త్రీ అడిగాడు.

"నీదే ఊరు?"

వదిన నేల చూసింది. "ఖేడు."

"నిన్న ఇంకోటి జెప్పినవ్ గద?"

"ఖేడే."

మేస్త్రీ నవ్వి, తట్ట ఎత్తుకొమ్మన్నాడు. ముసలామె చెయ్యి వెనక్కి వచ్చింది. తన వంతు రాగానే తన ఊరి పేరు గట్టిగా చెప్పింది. మేస్త్రీ పొమ్మన్నాడు. ఆమె వాదించలేదు. కూతురికి ఎదురుగా వెళ్ళి మూట చేతిలో పెట్టి, "ఊటా మాడవ్వా" అని తన కన్నడంలో తినమంది. ఎవరో తెలియనట్టు నిలబడమని కూతురికి ఎవరూ చెప్పలేదు. అయినా వదిన అట్లాగే నిలబడింది. తల్లి వచ్చిన దారినే ఎండలో నడిచి వెళ్ళిపోయింది.

"చూసినవా తమ్మీ, ఎంత అల్కగ అయిపాయె" అన్నాడు వకీల్ సాబ్. ఆ రోజు మొదటిసారి కోటు విప్పి భుజాన వేసుకున్నాడు. ఆయన సంతోషం నిజమైనదే. ఆ ముసలామె ఎవరో ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు. "అవును సార్" అన్నాను.

ఆ తర్వాత కూడా ఆయన చాలా ఏళ్ళు సంగారెడ్డికి తిరిగాడు. కరువు పోయింది, రోడ్డు పడింది, పత్తి ఏరడానికి అవతలివాళ్ళు రాకూడదని మళ్ళీ అర్జీలు పెట్టాడు. నన్ను పిలిచినప్పుడల్లా పుస్తకం దొరకలేదన్నాను. గ్రంథాలయంలో కలిస్తే పేపరు ఆయనకే వదిలేవాణ్ణి.

తల్లి వచ్చి వెళ్ళిన ఆ రోజు సాయంత్రం వదిన పనినుంచి వచ్చి మూట విప్పింది. జొన్నరొట్టెలు, పైన కారం. పిల్లలకు పెట్టి, ఒకటి నా కంచంలో వేసింది.

"గైర్ముల్కీ రొట్టె. తింటవా, పండితుడా?"

అంతకు ముందు మేమిద్దరం ఎప్పుడూ ఎగతాళులాడుకునేవాళ్ళమే. ఏదో ఒకటి బదులు చెప్పాలని చూశాను. ఆకలిగా ఉంది. తల వంచుకుని తిన్నాను.