పుణె మీదుగా సముద్రానికి

ఉయ్యూరులో పుల్లేరు కాలువ పక్క వీధిలో, మా ఇంటికి కొంచెం అవతల సంజీవరావు గారి ఇల్లు. ఐదో ఏట తట్టు సోకి ఆయన రెండు కళ్లూ పోయాయి. అంధుల పాఠశాలలో చదువుకుని, విజయవాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరి, రోజూ బస్సులో వెళ్లొస్తూ అక్కడే రిటైరయ్యారు. ఆ రూటులో కండక్టర్లందరికీ ఆయన తెలుసు. ఆయన వాళ్లని గొంతును బట్టి పేరు పెట్టి పిలుస్తారు. భార్య శౌరమ్మ గారు కాన్వెంటు బడిలో చిన్న తరగతుల టీచరు. వాళ్లకు పిల్లలు లేరు. ఇంటినిండా బడిపిల్లలే కాబట్టి ఆ మాట ఎవరికీ గుర్తుకు రాదు.

రిటైరైన రోజు ఆఫీసులో దండలు వేశాక, ఇకమీదట ఏం చేస్తారని ఎవరో అడిగారట. "ఓడెక్కుతానండీ" అన్నారు సంజీవరావు గారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు గానీ, ఇంటికొచ్చి భార్యతో అదే మాట మళ్లీ అన్నారు.

"నిజంగానే అంటున్నారా?" అని అడిగారు శౌరమ్మ గారు.

"నిజంగానే. బందరు పక్కన మంగినపూడికి ఎన్నిసార్లు వెళ్లాం మనం? ఒడ్డున నిలబడితే సముద్రం ఒక పక్కనే వినబడుద్ది. వెనకంతా బజ్జీల బండ్లూ, ఆటోలూ, పిల్లల ఏడుపులూ. నాలుగు వైపులా నీళ్లే వినబడే చోట ఒక్కసారి నిలబడాలని ఉంది శౌరమ్మా."

వారం తిరక్కుండా ఒక పెళ్లిలో వరసకు బావగారొకాయన, "కళ్లున్న మేమే ఎక్కలేదు. మావాడికి ఓడెందుకమ్మా, ఏం చూద్దామని?" అన్నప్పుడు, శౌరమ్మ గారు చేతిలో ప్లేటు పక్కన పెట్టి మరీ జవాబు చెప్పారు. "చూడ్డానికి కాదు బావగారూ, వెళ్లడానికి వెళ్తున్నాం."

ముంబై నుంచి లక్షద్వీపానికి వెళ్లి మళ్లీ ముంబైకే తిరిగొచ్చే ఓడ ఒకటుంది. ఆ టికెట్టు వాళ్లకు అందనంత ఎత్తులో ఏమీ లేదు. చిక్కంతా ముంబై చేరడం దగ్గరే వచ్చింది. శౌరమ్మ గారి నడుముకు ఒక పగలూ రాత్రీ రైల్లో కూర్చునే ఓపిక లేదు. గన్నవరం నుంచి విమానంలో పోదామంటే, ఇద్దరికీ రానూపోనూ అయ్యే ఖర్చు ఓడ ఖర్చుతో పోటీ పడుతోంది. తెలిసిన ట్రావెల్స్ అతను, "అంతేనండీ, సీజను మరి" అని చేతులెత్తేశాడు.

అప్పుడు సంజీవరావు గారు ఆ పని తన మీదేసుకున్నారు. ఆయన దగ్గర తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఫోను ఉంది. దాన్ని ఎంత వేగంగా మాట్లాడిస్తారంటే, పక్కన కూర్చున్న మనకు రేకుల మీద చినుకులు పడ్డట్టు ఉంటుందే తప్ప ఒక్క ముక్క అర్థం కాదు. రోజూ పొద్దున కాఫీ తాగి, వరండాలో కుర్చీ వేసుకుని, ఆ చినుకుల శబ్దం వింటూ కూర్చునేవారు. కొన్ని యాప్‌లలో తేదీలు ఎంచుకునే చోట ఫోను "బటన్, బటన్, బటన్" అనడం తప్ప ఏ తేదీయో చెప్పదు. అలాంటి వాటిని వదిలేసి, పలికే వాటిని వెతుక్కున్నారు. కొన్నిచోట్ల సీటుకనీ, ఇన్సూరెన్సుకనీ మనకు చెప్పకుండానే టిక్కు పెట్టి ఉంచుతారు. అన్నీ చివరిదాకా విని, అక్కర్లేనివి ఒక్కొక్కటే తీసేయడం నేర్చుకున్నారు.

నెల గడిచేసరికి ఆయనకు ఆ ధరల నడక పట్టుబడింది. శుక్రవారం బయల్దేరే ఓడ కోసం దేశమంతా ఎగబడుతుంది, ఆ ముందురోజు విమానాలు మండిపోతాయి. అదే ఓడ వారం మధ్యలోనూ కదులుతుంది, అప్పుడు విమానాలు నేల మీదికొస్తాయి. గన్నవరం కన్నా హైదరాబాదు నుంచి వెళ్తే సగానికి సగం తేడా.

"ముందు ఓడ కొనేసి, తర్వాత విమానం వెతుక్కుంటున్నారు అందరూ" అన్నారు ఒకరోజు నాతో. "మనం ముందు విమానం ఎక్కడ చవగ్గా ఉందో చూసుకుని, దానికి తగ్గ ఓడ పట్టుకోవాలండీ."

విజయవాడలో ఉద్యోగం చేస్తున్న మేనకోడలు బ్లెస్సీ ఆదివారం వచ్చి, ఆ లెక్కంతా విని మెచ్చుకుంది. ఒక్క చోట మాత్రం అడ్డుపడింది.

"ఓడ మధ్యాహ్నం కదా మావయ్యా. ఆ పొద్దున్నే విమానం ఉంటే, ముందురోజే వెళ్లి ముంబైలో రూము తీసుకోవడం దేనికి? దండగ."

"నా ఉద్యోగమంతా లైన్లు కలిపానమ్మా. ఏది ఎప్పుడు తెగుద్దో ఎవరూ చెప్పలేరు. ఓడ మనకోసం ఆగదు కదా" అన్నారాయన. రేవుకు దగ్గర్లో ఒక చర్చి వాళ్ల అతిథి గృహంలో చవగ్గా గది కూడా చూసుకున్నారు.

అలా డిసెంబరులో ఒకరోజు ఇద్దరూ బస్సులో హైదరాబాదు చేరి, శౌరమ్మ గారి చెల్లెలింట్లో పడుకుని, పొద్దున్నే విమానాశ్రయానికి వెళ్లారు. కౌంటరు దగ్గర అమ్మాయి చేతికర్ర చూసి, వెంటనే చక్రాల కుర్చీ తెప్పించింది.

"ఇదెవరికమ్మా?" అన్నారు సంజీవరావు గారు.

"మీకే సార్. రూలు."

"కాళ్లు శుభ్రంగా ఉన్నాయమ్మా. మీ మనిషి భుజం మీద చెయ్యి వేసుకుని నడుస్తాను, చాలు. కుర్చీ ఇంకెవరైనా పెద్దవాళ్లకి ఇవ్వండి."

ఆ అమ్మాయి పైవాళ్లను అడిగి వచ్చింది. ఆయన నడిచే వెళ్లారు. ఇంతవరకూ అంతా బాగానే ఉంది. గేటు దగ్గర కూర్చున్నాక మైకులో మొదట ఆలస్యం అన్నారు, తర్వాత ఇంకా ఆలస్యం అన్నారు, చివరికి విమానమే రద్దయిందన్నారు. సిబ్బంది సరిపోలేదట. జనమంతా ఒక్కసారి లేచి కౌంటరు మీద పడ్డారు. డబ్బు వాపసు తీసుకోండి, లేదా మర్నాడు సాయంత్రం విమానంలో ఎక్కిస్తాం అని అక్కడివాళ్లు చెబుతున్నారు. ముంబై వెళ్లే మిగతా విమానాలన్నీ నిండిపోయాయి. మర్నాడు సాయంత్రానికి ఓడ నడిసముద్రంలో ఉంటుంది.

ఆ గోలలో శౌరమ్మ గారి పక్కనే ఒకావిడ ఏడవడం మొదలుపెట్టింది. ఆవిడ పద్మావతమ్మ. భర్త రామకోటేశ్వరరావు గారిది మైలవరం దగ్గర మామిడి తోట. వాళ్లూ అదే ఓడకు వెళ్తున్నారు. పెళ్లయి నలభై ఏళ్లయిన సందర్భంగా కూతురు కొనిపెట్టిన ప్రయాణం.

"నేను ముందే చెప్పాను, మనకెందుకీ ఓడలని" అంటున్నారాయన. "పద, బస్సెక్కి ఇంటికి పోదాం."

సంజీవరావు గారు గుంపులోకి వెళ్లలేదు. గోడ పక్కన కాస్త సద్దు తక్కువున్న చోట నిలబడి, విమానం కంపెనీకి ఫోను చేశారు. చాలాసేపు పాట వినిపించింది. ఎవరో ఎత్తేసరికి లైను తెగింది. మళ్లీ చేశారు. మళ్లీ పాట. శౌరమ్మ గారు కాళ్లూచేతులూ ఆడక తచ్చాడుతుంటే, ఆయన మాత్రం ఫోను చెవికి ఆనించి కదలకుండా నిలబడ్డారు. అవతల ఒకమ్మాయి గొంతు వినబడగానే, రేడియో వింటూ నేర్చుకున్న హిందీలో ముందు ఆమె పేరు అడిగారు. పొద్దుట్నుంచీ మీకు తిట్లే కదమ్మా అన్నారు. తర్వాత, ముంబై కాకపోతే పుణె వెళ్లే విమానం ఉందేమో చూడమని అడిగారు. పుణె చేరితే పొద్దున రైల్లో ముంబై ఎంతసేపు?

ఆ అమ్మాయి వెతికింది. సాయంత్రం పుణె విమానంలో రెండు సీట్లున్నాయంది. రద్దయిన టికెట్ల మీద అదనంగా ఏమీ తీసుకోకుండా మార్చవచ్చంది.

"మేం నలుగురం అమ్మా" అన్నారు సంజీవరావు గారు, మైలవరం వాళ్లనీ కలుపుకుని.

"రెండే ఉన్నాయి సార్. ఇప్పుడు తీసుకోకపోతే అవీ పోతాయి."

ఆయన ఫోను చేత్తో మూసి, భార్య వైపు తిరిగి సంగతి చెప్పారు. శౌరమ్మ గారు అటు చూశారు. పద్మావతమ్మ గారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ భర్త సంచులు సర్దేస్తున్నారు.

"వాళ్లవి చేయించండి" అన్నారు శౌరమ్మ గారు.

"మనకి దొరక్కపోతే?"

"మీరు ఇంకో ఫోను చేసి ఏదోటి సాధిస్తారు. వాళ్లకి ఫోనులో అడగడానికి హిందీ కూడా రాదండీ. ఇంటికెళ్లిపోతారు."

ఈ మాట నాకు చెప్పింది సంజీవరావు గారే. శౌరమ్మ గారిని అడిగితే, "ఏమో, అన్నానేమో" అంటారు.

మైలవరం దంపతుల టికెట్ల నంబరు చదివించుకుని ఆ రెండు సీట్లూ వాళ్లకు రాయించారు. రామకోటేశ్వరరావు గారికి ఏం జరిగిందో అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక, "అయ్యో, అదేంటండీ, మీ సీట్లు మాకెందుకు?" అని సంజీవరావు గారి చెయ్యి పట్టుకున్నారు.

"మా సీట్లు కాదండీ, ఖాళీ సీట్లు. మావి ఇంకా వెతుకుతున్నాం" అని సంజీవరావు గారు మళ్లీ ఫోను ఎత్తారు.

మధ్యాహ్నం దాటిపోయింది. శౌరమ్మ గారు ఇంటినుంచి తెచ్చిన పులిహోర నలుగురూ తిన్నారు. సంజీవరావు గారు ఒక చేత్తో తింటూ రెండో చేత్తో ఫోను పట్టుకునే ఉన్నారు. ఫోను ఎత్తిన ప్రతివాళ్లూ లేవనే అన్నారు. ఆయన ప్రతివాళ్లకూ థాంక్స్ చెప్పి, మళ్లీ చేశారు. చివరికి పొద్దున మాట్లాడిన అమ్మాయే తగిలింది. గొంతు వినగానే ఆయన పేరు పెట్టి పిలిచారు. ఆమె, "మీకు సీట్లు దొరికాయా సార్?" అని తనే అడిగింది. ఎవరో పుణె టికెట్లు మానుకున్నారట, అప్పుడే రెండు సీట్లు తెర మీదికొచ్చాయట. "మీ పేర్లు చెప్పండి, త్వరగా" అంది.

అదే సాయంత్రం నలుగురూ పుణెలో దిగారు. స్టేషను ఎదురుగా లాడ్జిలో పడుకుని, పొద్దున్నే రైలెక్కారు. ఘాట్లలో రైలు సొరంగాల్లోంచి పోతుంటే, సొరంగం రావడానికి ముందే సంజీవరావు గారు "ఇదిగో వస్తుంది" అనేవారు. గాలి చప్పుడు మారుతుందట. పద్మావతమ్మ గారు దాన్నొక ఆటగా చేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని తానూ కనిపెట్టబోయి, ప్రతిసారీ ఓడిపోయి, చిన్నపిల్లలా నవ్వారు. రేవు తలుపులు ఇంకా మూయకముందే నలుగురూ లోపలికి వెళ్లారు.

ఓడలో మొదటి రోజు ఆయనకు నచ్చలేదు. ఎటు వెళ్లినా పాటలు, ప్లేట్ల మోత, లిఫ్టు గంట. సముద్రమే వినబడడం లేదని దిగులుపడ్డారు. రెండో రోజు తెల్లవారుతుండగా శౌరమ్మ గారు ఓడంతా తిరిగి, ముందువైపు పై అంతస్తులో ఎవరూ రాని చోటొకటి కనిపెట్టి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. ఆయన ఓడ అంచున రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. మొహం ఒక పక్కకి తిప్పారు, ఇంకో పక్కకి తిప్పారు. తర్వాత పూర్తిగా వెనక్కి తిరిగి నిలబడ్డారు.

"ఒడ్డు కనబడతందా?" అని అడిగారు.

"లేదండీ. ఎటు చూసినా లేదు."

"పడవలు?"

"ఏమీ లేవు. నీళ్లే."

ఆయన మళ్లీ ముందువైపు తిరిగారు. ఎండ ఎక్కేదాకా అక్కడే ఉన్నారు. ఏమనిపించిందని తర్వాత నేనడిగితే, "నేను అనుకున్నదానికన్నా నిశ్శబ్దంగా ఉందండీ. అంత పెద్దది అంత నిశ్శబ్దంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు" అన్నారు. శౌరమ్మ గారు మాత్రం, ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం అదే మొదటిసారి అన్నారు.

తిరుగు ప్రయాణంలో ఏ ఆటంకమూ రాలేదు. వేసవిలో మైలవరం నుంచి మామిడిపళ్ల బుట్టలు వచ్చాయి, మా వీధంతా తిన్నాం.

ఆ తర్వాత సంజీవరావు గారు ఊరుకోలేదు. ఇప్పుడు ప్రతి శనివారం విజయవాడలో చూపులేని పిల్లలు చదువుకునే ఒక హాస్టలుకు వెళ్తున్నారు. రైలో, విమానమో, బస్సో, ఎవరి టికెట్టు వాళ్లే కొనుక్కోవడం నేర్పుతున్నారు. వాళ్ల తరఫున తను కొనిపెట్టరు. మొన్న నేనూ వెంట వెళ్లాను. శాలిని అనే అమ్మాయికి చండీగఢ్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. ఇంటివాళ్లు ఎవరో ఒకరు వచ్చి దింపుతామంటే, వద్దు, నేనే వెళ్తానని పట్టుబట్టిందట. బల్ల ముందు కూర్చుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని వెతుకుతోంది. మధ్యలో ఒకచోట తప్పు నొక్కి, మొదటికొచ్చింది. విసుక్కుంది. నాకే చెయ్యి ముందుకు పోయింది. సంజీవరావు గారు మాత్రం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నారు.

"ఢిల్లీలో దిగి మారితే తక్కువండీ" అంది శాలిని కాసేపటికి. "కానీ మధ్యలో టైము చాలదేమో."

"మరేం చేద్దామంటావమ్మా?"

"తర్వాతి విమానం చూస్తానండీ."

"చూడు" అన్నారాయన.

ఆ అమ్మాయి మళ్లీ ఫోను చెవికి ఆనించుకుంది.