సూర్యం అంతరిక్ష విధానం

సూర్యం పేపరును వెనక పేజీ నుంచి చదివే మనిషి. బర్మామైన్స్ బస్తీ టీ కొట్టులో ముప్పయ్యేళ్ళుగా ఈ సంప్రదాయం నిరాటంకంగా సాగింది. మధ్యలో ప్రభుత్వాలు మారాయిగాని ఇది మారలేదు. అలాంటిది, మొన్న వానాకాలంలో ఒక బుధవారం ఆయన మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. ఆ సమయంలో చరిత్రకారులెవరూ అక్కడ లేకపోవడం వాళ్ళ దురదృష్టం.

కారణం ముందురోజే పుట్టింది. రాకెట్ ఇంజన్లను పరీక్షించే స్టాండుకు ముప్పై కంచు బుష్షులు, అంటే ఇరుసుకు తొడిగే గొట్టాలు, చేసే ఆర్డరు, గోల్‌మురిలో లేత్ షాపు పెట్టుకున్న ఆయన తోడల్లుడు వరహాలుకు వచ్చింది. సూర్యానికీ లేతు మెషినుంది, అంతకు రెట్టింపు అనుభవముంది. ఆర్డరొక్కటే లేదు. మొదటి పేజీ చూసేదాకా దేశానికి అప్పులున్న సంగతే ఆయన ఎరగడు. అప్పటినుంచి ఆ బెంగతో అన్నం సయించడం మానేసింది.

"అప్పులున్న సర్కారుకి రాకెట్లేటి? ముందు బాకీ తీర్చాల. సందమామ ఎక్కడికీ పారిపోదు," అన్నాడు ఇంట్లో.

భార్య దాలమ్మ బియ్యం ఏరుతోంది. "నీ లేతు అప్పుసేసే కొన్నావు గదా. బాకీలన్నీ తీరేక కొందామనుకుంటే ఈపాటికి ఏటి తిని బతుకుదుం?"

"అది కూటికి. ఇది షోకు."

"మా సెల్లి మొగుడికి కాక నీకే వచ్చుంటే ఏటందువో."

సూర్యం పేపరు తీసి మళ్ళీ మొదటి పేజీ తిప్పాడు.

రెండు వారాలకు వరహాలు స్కూటరు మీద వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"అన్నియ్యా, పద్దెనిమిది అయ్యేయి. శనివారంలోగా మిగతా పన్నెండూ నావల్ల కావు. సేత్తావేటి?"

సూర్యం లేచి నిలబడ్డాడు. పెరుగుతున్న వడ్డీల గురించి, ఆస్పత్రుల్లో చాలని మంచాల గురించి గంభీరంగా మాట్లాడాడు. అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. మాట్లాడుతూనే చెయ్యి చాచి డ్రాయింగు అందుకున్నాడు.

"కొలతలో తేడా ఎంతలో ఉండాల?"

"పది మైక్రాన్లు. ఎంట్రుకలో ఏడో వంతు."

"నీవి అన్నీ పాసయ్యేయా?"

"మూడు తిరగ్గొట్టేరు. మళ్ళీ సేసేను."

చాలా రోజుల తరవాత సూర్యానికి ఆకలేసింది.

ఆ నాలుగు రోజులూ దేశ అంతరిక్ష కార్యక్రమం బర్మామైన్స్‌లోనే నడిచింది. అప్పుల మీద ఆయన అభిప్రాయం మారలేదు. లేతు ఆగినప్పుడల్లా చెబుతూనే ఉన్నాడు. బుష్షులు శుక్రవారానికే తయారయ్యాయి. పన్నెండూ ఒకేసారి పాసయ్యాయి.

వాటిని పంపిన పెట్టె మీద వరహాలు షాపు పేరుంది.