రెండు ముద్దల వెల్లుల్లి అన్నం

చిత్తూరు బస్సులో నా పక్కన ఒక బాలింత కూర్చుంది. ఒళ్లో నెల బిడ్డ పాలు చాలక ఒకటే ఏడుపు. పాకాలలో బస్సు ఆగితే ఆమె అత్త నీళ్లకని దిగింది. నేను వెల్లుల్లి కారం కలిపిన అన్నం డబ్బా తెరిచాను. ఆ బాలింత పిల్ల ఇటు తిరిగింది.

"తెల్లగడ్డ తింటే పాలు పడతాయంటారే, నిజమేనా అక్కా?"

"మా ఇండ్లలో బాలింతకు మొదట పెట్టేదే అది. తిను తల్లీ."

"మా అత్తోళ్లది గుడిసేవ చేసే ఇల్లు. దాన్ని గడప తొక్కనీరు."

అంటూనే నేను పెట్టిన రెండు ముద్దలూ గబగబా మింగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

అత్త వచ్చి కూర్చోబోతూ ఆగింది. "ఏదీ, నోరు తెరిచి ఊదు."

ఆ పిల్ల ఊదింది. తల్లి రొమ్ము దగ్గరున్న బిడ్డను అత్త లాక్కుంది. "ఈ పాలు నా మనవడికొద్దు." తర్వాత నా వైపు తిరిగింది. "ఏమ్మా, నువ్వేనా పెట్టినావు?"

బస్సంతా నన్నే చూస్తోంది.

"నేనెందుకు పెడతానమ్మా? అడక్కుండా తనే తీసుకునింది."

"ఓహో, దొంగతిండి కూడానా!"

ఆ పిల్ల నన్ను ఒక్కసారి చూసి తల దించుకుంది. చిత్తూరు దాకా బిడ్డకు చక్కెర నీళ్లే పట్టింది అత్త. వాడు ఏడ్చినప్పుడల్లా తల్లి రవిక పాలతో తడిసింది.

మొన్న బాలింతైన మా కోడలు అదే మాట అడిగింది. పాలు పడతాయని చెప్పి, కారం దంచి పెట్టాను. బస్సు సంగతి చెప్పలేదు.