మా ఆయన దవడలో ఎముక పెరిగిందా? అద్దంకి నుంచి గుంటూరుకి ఒక పగటి ప్రయాణం

మా ఆయన ఆంజనేయులు బండలాగుడు పందేలకి ఒంగోలు గిత్తల్ని మేపి తోలే మనిషి. నేను బడిలో తెలుగు చెబుతాను. మూడేళ్ళ క్రితం కొట్టంలో ఆయన పలుపు కడుతుంటే, గిత్త ఈగని విదిలించుకోబోయి తల ఎగరేసింది. కొమ్ము మొదలు తగిలి పై ముందు పళ్ళు నాలుగు పోయాయి. వాటిని పట్టుకునే ఎముక కూడా పోయింది. "దానిదేం తప్పులేదు, ఆ ఈగది" అంటారు ఇప్పటికీ. పెట్టుడు పళ్ళు కట్టించుకున్నారు గానీ, పందెంలో గిత్తల్ని అదిలించాలంటే గుండెలోంచి కేక వెయ్యాలి. ఒక ఊళ్ళో అలా కేక వెయ్యగానే పళ్ళ సెట్టు ఎగిరి దుమ్ములో పడింది. జనం గొల్లుమన్నారు. ఆ తర్వాత ఆయన మళ్ళీ పందెం బరిలోకి దిగలేదు. గిత్తల్ని మా మరిది తోలుతున్నాడు.

దవడలోకి ఇంప్లాంట్లు బిగించి పళ్ళు కట్టొచ్చు కదా అని గుంటూరులో డాక్టరమ్మ గారిని అడిగితే, బిగించడానికి అక్కడ ఎముకే లేదన్నారు. ముందు ఎముకని పెంచాలట. దవడని స్కాన్ తీసి, ఎక్కడెంత లోటుందో కంప్యూటర్‌లో కొలిచి, సరిగ్గా ఆ కొలతకే టైటానియం మెష్ ప్రింట్ చేయించారు. లోహపు పొడిని లేజర్‌తో కరిగిస్తూ పొర మీద పొర కడతారట. చూడటానికి సన్నటి జల్లెడ ముక్కలా ఉంటుంది. దాని కింద ఆయన దవడ వెనక నుంచే గీకి తీసిన ఎముక తునకల్ని, ఎముక పొడినీ కలిపి నింపుతారు. "పశువుల ఎముకతో చేసిన పొడి ఉంటుంది, వాడమంటారా?" అని ఆవిడ అడగ్గానే ఈయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "వాటి మీద బతికేవాణ్ణండి. అదొద్దు." అయితే కృత్రిమంగా చేసినది వాడతామన్నారు. మెష్‌ని బుల్లి బుల్లి మరలతో బిగించి, పైన చిగురు కుట్టేశారు. ఎనిమిది నెలలు ఆగాలన్నారు. ఈలోగా చిగురు చీలి మెష్ బయటపడితే చీము పట్టి మొత్తం పోవచ్చు. చుట్ట తాగేవాళ్ళకి ఆ ప్రమాదం ఎక్కువని విన్న సాయంత్రమే, కుర్రతనం నుంచీ ఉన్న అలవాటుని ఆయన వదిలేశారు.

మెష్ తెరిచి చూసే రోజు మొన్న బుధవారం వచ్చింది. పొద్దున్న ఆరున్నరకి అద్దంకిలో గుంటూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే నాకు సున్నా టికెట్ కొట్టారు, ఆయనకే డబ్బులయ్యాయి. మేదరమెట్ల దగ్గర హైవే ఎక్కితే మార్టూరు, చిలకలూరిపేట మీదుగా రెండు గంటలు పైనే పడుతుంది. పొలాల్లో పత్తి ఆఖరి తీతలు, కళ్ళాల్లో ఎర్రగా మిరపకాయలు. ఆయన వాటి వంక చూడట్లేదు. పై పెదవిని వేలితో తడుముకుంటూ కూర్చున్నారు.

"ఏమే, ఎముక పెరగకపోయుంటే?" అన్నారు చిలకలూరిపేట దాటాక. ఇన్ని నెలల్లో ఆ మాట అనడం అదే మొదలు.

"పెరగకపోతే మళ్ళీ చేయించుకుందాం."

"ఇంకోసారి నావల్ల కాదు" అన్నారు.

బస్టాండ్ నుంచి కొత్తపేటలో పళ్ళాసుపత్రికి ఆటో మాట్లాడుకున్నాం. వంద లోపే అవుతుంది, ఎక్కేముందే అడగండి. ఆటో అతను అద్దంలోంచి చూసి, "పన్ను పీకిస్తున్నారా పెద్దాయనా?" అన్నాడు.

"పీకడానికి పళ్ళెక్కడున్నాయ్ అబ్బాయ్? మొలిపించుకోడానికి పోతున్నా."

"ఈ వయసులోనా!" అని పగలబడి నవ్వాడు. మా ఆయన కూడా నవ్వారు. బస్సులో పట్టిన దిగులు అక్కడ కాస్త వదిలింది.

తొమ్మిదిన్నరకి లోపలికి తీసుకెళ్ళారు. మత్తు దవడకే కాబట్టి మనిషి మెలకువగానే ఉంటారు. నేను బయట బల్ల మీద కూర్చుని, చదవని వారపత్రికని తిప్పుతూనే ఉన్నాను. గంట దాటాక నర్సు నన్ను పిలిచింది. ఎందుకు పిలుస్తున్నారో తెలియక ఆ పత్రిక పట్టుకునే లోపలికి వెళ్ళాను. లోపల డాక్టరమ్మ గారు తెర మీద రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టారు. పాతదాంట్లో గట్టు కోసుకుపోయినట్టు పల్లం. కొత్తదాంట్లో ఆ పల్లం నిండి, గుండ్రంగా తిరిగిన దవడ.

"ఇంప్లాంట్ కోసం రంధ్రం వేస్తుంటే ఎముక గట్టిగా తగిలిందమ్మా. రెండు బిగించాం. మెష్ కొలత మేం చూసుకున్నాం, దాని మీద చిగురుని కాపాడుకున్నది మాత్రం ఈయనే. చుట్ట మానమంటే నిజంగా మానేసిన పేషెంట్లు నాకు తక్కువ. మూడు నాలుగు నెలలాగి ఆ రెండింటి మీదే పళ్ళు నాలుగూ కట్టేస్తాం."

గిత్తల్ని పళ్ళ లెక్కనే విభాగాలు చేసి పందేనికి దింపుతారు. ఈయన మొద్దుబారిన నోటితోనే, "అంటే నాలుగు పళ్ళ విభాగవన్నమాట" అన్నారు. ఆ సంగతి తెలియని డాక్టరమ్మ గారికి నేను విడమర్చి చెప్పేసరికి గదంతా నవ్వులే.

మధ్యాహ్నం పక్క వీధి మెస్‌లో చల్లారిన పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టమన్నాను. వంటావిడ గరిటె ఆపి, "గుంటూరొచ్చి పచ్చడి వద్దంటారేంటండీ?" అంది. సంగతి చెప్పాక ఆవిడే అన్నం మజ్జిగలో నలిపి తెచ్చింది. డాక్టరమ్మ గారిని అడిగి తెచ్చుకున్న ఎముక ఫోటోని ఈలోగా మా ఆయన బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. చిగురు తెరిచి, నెత్తురుతో ఉన్న ఫోటో అది. "అన్నం తినే వేళ ఇదేంట్రా!" అని మా ఆడపడుచు తిట్టింది. మరిది మాత్రం ఒకే ముక్క రాశాడు: "అన్నయ్యా, ఉగాదికి కాకపోతే దసరాకి. పగ్గాలు నీవే."

తిరుగు ప్రయాణానికి కుదుపులు లేకుండా కారు మాట్లాడుకున్నాం. బుగ్గ మీద ఐసు సంచి పెట్టుకుని ఆయన నిద్రపోయారు. నేను పడుకోలేదు. దుమ్ములో పళ్ళు ఏరుకున్న మనిషిని నేను కళ్ళారా చూశాను. ఆ మనిషి ఎనిమిది నెలలు కేక వెయ్యకుండా, చుట్ట ముట్టకుండా, పెదవి కింద కనపడకుండా జరుగుతున్న పనిని నమ్మి ఓపిక పట్టారు. ఎవరి భార్యవని అడిగితే ఆ రోజు గుంటూరు నుంచి అద్దంకి దాకా ప్రతి ఊళ్ళోనూ కారు దిగి చెప్పేదాన్ని.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. మిరప సీజన్‌లో వెళ్తే మాస్కు తీసుకెళ్ళండి, తిరిగొచ్చేటప్పుడు మిర్చి యార్డు దారి వద్దని డ్రైవర్‌కి ముందే చెప్పండి. ఆ ఘాటుకి తుమ్ములు మొదలైతే ఆగవు, నోట్లో కుట్లు పచ్చిగా ఉంటాయి.